మందులు వేసుకుంటున్నాను, మరి పగలంతా ఏం చేయాలి?

నందివర్ధనం — డిసెంబరు 8, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఈ ఫోరంలో అందరూ రాసేవి చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. తెనాలి దగ్గర ఒక ఊళ్ళో ప్రాథమిక పాఠశాల టీచరును. వయసు 38. అక్టోబరులో డాక్టరు గారు నాకు డిప్రెషన్, దానితో పాటు ఆందోళన కూడా ఉన్నాయని చెప్పి మందులు మొదలుపెట్టారు. రెండు నెలలైంది. గుణం కనిపిస్తోంది. రాత్రి మూడింటికి మెలకువ వచ్చి గుండె దడదడలాడడం తగ్గింది. బోర్డు మీద రాస్తూ రాస్తూ కళ్ళలో నీళ్ళు తిరగడం పోయింది.

నా బాధంతా సెలవు రోజుతోనే. బడి ఉన్న రోజు ఒళ్ళు దానంతట అదే నడిచిపోతుంది. ఎనిమిదిన్నరకు ఆటో, తొమ్మిదికి ప్రార్థన, ఆ తర్వాత పిల్లలే లాక్కెళ్తారు. ఆదివారం అలా కాదు. ఏడింటికి మెలకువ వస్తుంది, పదకొండు దాకా మంచం మీదే ఉంటాను. అది నిద్రా కాదు, విశ్రాంతీ కాదు. బ్రష్షు మీద పేస్టు వేసుకోవడం కూడా కొండెక్కినట్టు ఉంటుంది. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. తనే పాలు వేడిచేసుకుని తాగుతుంది. గిన్నె చప్పుడు వినిపిస్తుంది, లేవాలనిపిస్తుంది, లేవలేను. నా మీద నాకే కోపం వస్తుంది, ఆ కోపంతో ఇంకో గంట పడుకుంటాను.

సంక్రాంతి సెలవులు వస్తున్నాయి. వారానికి పైనే. తలచుకుంటేనే గుబులుగా ఉంది. ధైర్యంగా ఉండమని, మంచి ఆలోచనలు చేయమని చాలామంది చెప్పారు. నాకు కావలసింది అది కాదు. ఈ జబ్బుతో బతుకుతున్నవాళ్ళు పొద్దున కళ్ళు తెరిచాక మొట్టమొదట ఏం చేస్తారు? చేసేది చేసినట్టు చెప్పండి, ఎంత చిన్నదైనా సరే.

ఎర్రబస్సు — డిసెంబరు 8, రాత్రి 10.25

నమస్తే నందివర్ధనం గారూ. నేను ఆర్టీసీ కండక్టరును, కరీంనగర్ వైపు. నాది దిగులు కంటే భయం జబ్బు. అయినా రాస్తాను, చదివేవాళ్ళలో ఎవరికైనా పనికిరావచ్చు.

నాలుగేళ్ళ కిందట, సిద్దిపేట దాటాక, బస్సు నిండా జనం. ఒక పెద్దావిడకు చిల్లర లెక్కపెట్టి ఇస్తున్నాను. ఉన్నట్టుండి వేళ్ళు తిమ్మిరెక్కాయి. గుండె చప్పుడు చెవుల్లో వినిపిస్తోంది. ఊపిరి అందడం లేదు. ఇక నా పని అయిపోయిందని, పిల్లల ముఖాలు కూడా చూడలేనని నిశ్చయంగా అనిపించింది. డ్రైవరు అన్న బస్సును నేరుగా ఆసుపత్రికి తిప్పాడు. ఈసీజీ తీశారు, గుండె బాగానే ఉందన్నారు. రెండు నెలల్లో ఇంకో మూడుసార్లు అలాగే వచ్చింది. పరీక్షలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఇంట్లో దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు.

చివరికి ఒక డాక్టరమ్మ తీరిగ్గా కూర్చోబెట్టి చెప్పారు. కాళ్ళ దగ్గర పాము కనిపిస్తే ఒంట్లో ఏమేం జరుగుతాయో మీకు అవే జరుగుతున్నాయి, పాము ఒక్కటే లేదు అన్నారు. అడ్రినలిన్ అనే హార్మోను ఊరుతుంది, గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి గబగబా తీస్తాం, అలా ఎక్కువ తీయడం వల్లే వేళ్ళు తిమ్మిరెక్కుతాయట. దీన్ని పానిక్ అటాక్ అంటారు. మామూలుగా పది నిమిషాల్లోపు పైకి ఎక్కాల్సినంతా ఎక్కి, తర్వాత దానంతట అదే దిగిపోతుంది. ఆ పది నిమిషాల సంగతి తెలియడమే నాకు సగం మందయింది.

ఇప్పుడు వస్తే ఏం చేస్తానంటే, నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు ఊపిరి లోపలికి తీసుకుంటాను, ఆరు లెక్కపెట్టేంతసేపు వదులుతాను. వదలడమే ఎక్కువసేపు ఉండాలి. నీళ్ళ సీసా అరచేతుల మధ్య గట్టిగా పట్టుకుంటాను. కిటికీలోంచి కనిపించే బోర్డులు లోపల్లోపల చదువుతాను. దాన్ని తరిమేయాలని చూడను. వచ్చింది, దిగిపోతుంది అనుకుంటాను.

ఇంకొక్క మాట చెప్పాలి, ఇది నాకు చాలా నష్టం చేసింది. మొదట్లో ఆ రూటు వద్దని బతిమాలుకుని డిపోలో పని చేయించుకున్నాను. వారం రోజులు ప్రాణం హాయిగా ఉంది. తర్వాత సంతకు వెళ్ళాలన్నా భయమే, పెళ్ళికి వెళ్ళాలన్నా భయమే. తప్పించుకున్న కొద్దీ భయం ఇల్లంతా ఆక్రమించింది. తిరిగి ఎక్కడం ఒక్కరోజులో కాలేదు. మొదట డ్యూటీ లేని రోజు మామూలు ప్రయాణికుడిలా రెండు స్టాపులు వెళ్ళి దిగాను. మరో రోజు ఐదు. భయం తగ్గేదాకా సీట్లోనే కూర్చోవాలి, మధ్యలో దిగి పారిపోకూడదు అని డాక్టరమ్మ షరతు. సిద్దిపేట దాకా వెళ్ళడానికి ఏడు వారాలు పట్టింది.

ఛాతీలో నొప్పి మొదటిసారి వచ్చినవాళ్ళు మాత్రం ఇది చదివి ఇంట్లో కూర్చోవద్దు. ముందు గుండె పరీక్ష చేయించుకోవాలి.

గోదావరిగట్టు — డిసెంబరు 9, ఉదయం 6.15

అమ్మా నందివర్ధనం, నువ్వు మా అమ్మాయి ఈడుదానివి, అందుకే ఏకవచనంలో రాస్తున్నాను. రాజమహేంద్రవరంలో ఉంటాను. తపాలా శాఖలో 37 ఏళ్ళు పనిచేసి విరమించాను. మరుసటి ఏడే మా ఆవిడ పోయింది. ఆ తర్వాత ఎనిమిది నెలలు నేనూ నీలాగే మంచానికి అంటుకుపోయాను. నాకు ప్రతిరోజూ ఆదివారమే.

మనసు కాస్త కుదుటపడ్డాక గట్టు మీదికి నడకకు వెళ్దాం, మనసు కాస్త బాగుంటే తమ్ముడికి ఫోన్ చేద్దాం అని వాయిదా వేసుకుంటూ ఉండేవాణ్ణి. అది కుదుటపడలేదు. మా అబ్బాయి బలవంతం మీద ఒక సైకాలజిస్టు దగ్గరికి వెళ్తే ఆయన నా వరుసే తప్పన్నారు. మనసు బాగయ్యాక పని చేయడం కాదండీ, పని మొదలుపెడితే మనసు వెనకాల వస్తుంది, అదీ వెంటనే రాదు, కుంటుకుంటూ వస్తుంది అన్నారు. నాకు నమ్మకం కుదరలేదు. సరే, మీరు ఆఫీసు మనిషి కదా, లెక్క రాసి చూడండి అన్నారు.

పాత పద్దు పుస్తకం ఒకటి తీసి గీతలు గీశాను. మొదటి గడిలో సమయం, రెండో దానిలో చేసిన పని, మూడో దానిలో ఎంత సంతోషంగా అనిపించింది, నాలుగో దానిలో ఏదో చేశానన్న తృప్తి ఎంత. మార్కులు పదికి. రెండు వారాలు రాశాను. ఏం తేలిందో విను. టీవీ ముందు మూడు గంటలు: సంతోషం 1, తృప్తి 0. కాలక్షేపం అనుకున్నది నన్ను లోపలికి లాగేస్తోందని ఆ సున్నాలు చూసేదాకా తెలియలేదు. పెరట్లో కరివేపాకు చెట్టుకు నీళ్ళు పోయడం, పది నిమిషాలు: సంతోషం 3, తృప్తి 5. పక్కింటి కుర్రాడికి పాస్‌బుక్కు ఫారం నింపిపెట్టడం: సంతోషం 4, తృప్తి 7. ఏడు రాస్తుంటే చేయి ఆగింది. ఎనిమిది నెలల్లో నాకు ఏడు మార్కులు వచ్చిన పని అదొక్కటే.

పొద్దున మొట్టమొదట ఏం చేస్తాను అని అడిగావు. దుప్పటి మడత పెడతాను. మడత పెట్టిన దుప్పటి మళ్ళీ విప్పుకుని పడుకోవడం కొంచెం కష్టం.

నందివర్ధనం — డిసెంబరు 9, రాత్రి 8.50

బాబాయ్ గారూ, మీ టపా బడిలో మధ్యాహ్న భోజనం వేళ చదివి బయటికి వెళ్ళి ఏడ్చాను. చెడ్డ ఏడుపు కాదు.

ఎర్రబస్సు అన్నా, "తప్పించుకున్న కొద్దీ" అన్న మాట నాకు తగిలింది. నేను బంధువుల ఫోన్లు ఎత్తడం మానేసి ఆరు నెలలైంది. మొదట్లో వదినవి మాత్రమే ఎత్తేదాన్ని కాదు, ఇప్పుడు అమ్మవి కూడా ఎత్తలేకపోతున్నాను.

ఒక సందేహం. నేనూ జాబితాలు రాసుకున్నాను. ఇల్లు సర్దాలి, గంట నడవాలి, పుస్తకం చదవాలి, అమ్మకు ఫోన్ చేయాలి. ఒక్కటీ చేయలేదు. ఆ కాగితం చూస్తేనే సిగ్గుగా ఉండి చింపేశాను.

రాత్రిడ్యూటీ — డిసెంబరు 10, ఉదయం 10.05

నేను ఒక ప్రభుత్వ ఆసుపత్రి మానసిక విభాగంలో నర్సును, 14 ఏళ్ళుగా. మీ డాక్టరు చెప్పినదానికి ఇది అదనం మాత్రమే, బదులు కాదు.

గోదావరిగట్టు గారికి ఆ సైకాలజిస్టు చేయించిన పనిని బిహేవియరల్ యాక్టివేషన్ అంటారు. 1970లలో పీటర్ లెవిన్సన్ అనే అమెరికన్ సైకాలజిస్టు దీనికి పునాది వేశారు. దిగులు వస్తే మనిషి పనులు మానేస్తాడు. పనులు మానితే వాటి వల్ల వచ్చే చిన్న చిన్న సంతోషాలు ఆగిపోతాయి. అవి ఆగితే దిగులు ఇంకా పెరుగుతుంది. ఈ చక్రాన్ని పని దగ్గర పట్టుకుని ఆపాలి, ఎందుకంటే మనసును చేత్తో పట్టుకోలేం, చీపురును పట్టుకోగలం. మన గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన రోగులకు డాక్టర్లు కాని మామూలు మనుషులే, శిక్షణ తీసుకుని, ఆరు నుంచి ఎనిమిది విడతలుగా ఇదే పద్ధతి నేర్పారు. మానసిక వైద్యుడు డాక్టర్ విక్రమ్ పటేల్ బృందం చేసిన ఆ అధ్యయనంలో మామూలు చికిత్స మాత్రమే పొందినవాళ్ళకంటే వీళ్ళు బాగా కోలుకున్నారు. 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయింది.

టీచరు గారూ, మీ జాబితాలో తప్పు పనులది కాదు, వాటి పరిమాణానిది. గంట నడక ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు రాసుకునే పని. మీకు ఇప్పుడు గుమ్మం దాకా వెళ్ళి చెప్పులు వేసుకోవడం ఒక పని. అంతవరకే రాసుకోండి. చెప్పులు వేసుకున్నాక వెనక్కి వచ్చినా ఆ పని పూర్తయినట్టే. "ఇల్లు సర్దాలి" బదులు "మంచం పక్కన బల్ల మీది గ్లాసులు వంటింట్లో పెట్టాలి" అని రాయండి. దాని పక్కన సమయం కూడా వేయండి. "ఆదివారం" అని రాస్తే జరగదు, "ఆదివారం ఏడున్నర" అని రాస్తే జరిగే అవకాశం ఉంది. మనసు ఎంత చెడ్డగా ఉన్నా చేయగలిగినంత చిన్నదిగా ఉండాలి, అదే కొలత.

మందుల విషయం ఈ చర్చ చదివేవాళ్ళందరికీ చెబుతున్నాను. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలీన్ లాంటి డిప్రెషన్ మందులు పనిచేయడం మొదలు కావడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, పూర్తి గుణానికి ఇంకా ఎక్కువ. మొదటి వారంలో కడుపులో వికారం, కాస్త ఆందోళన పెరగడం ఉండవచ్చు. ఆ వారంలోనే చాలామంది మానేస్తారు. బాగైపోయిందనిపించాక కూడా కనీసం ఆరు నెలలు కొనసాగించమంటారు. ఆపాలంటే డాక్టరు చెప్పిన ప్రకారం మెల్లగా తగ్గించాలి. నిద్ర కోసం ఇచ్చే అల్ప్రజోలామ్, క్లోనజిపామ్ మాత్రం వేరే రకం. అవి అలవాటైపోతాయి, మద్యంతో కలిస్తే ప్రమాదం. పాత చీటీ చూపించి కొనుక్కుంటూ పోకండి.

ఎవరైనా ఇంకా డాక్టరును కలవకపోతే థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12 పరీక్షల గురించి కూడా అడగండి. థైరాయిడ్ మందగిస్తే అచ్చం దిగులులా ఉంటుంది, ఎక్కువైతే అచ్చం ఆందోళనలా ఉంటుంది.

సూర్యోదయం — డిసెంబరు 10, మధ్యాహ్నం 1.30

ఈ మాత్రలన్నీ మనిషిని బానిసను చేస్తాయి. నేను రోజూ 24 సూర్యనమస్కారాలు, అరగంట ప్రాణాయామం చేసి ఆందోళన నుంచి పూర్తిగా బయటపడ్డాను. మందులు ఆపేసి మనోబలం పెంచుకోండి. మన పూర్వీకులకు ఈ జబ్బులు లేవు.

పొలంగట్టు — డిసెంబరు 10, రాత్రి 9.10

సూర్యోదయం గారూ, మీకు నయమైనందుకు నిజంగా సంతోషం. కానీ మీరు రాసినలాంటి మాట విని మా ఇంట్లో ఏం జరిగిందో చెప్పాలి.

మాది ప్రకాశం జిల్లా, మిరప, పొగాకు వేస్తాం. మా ఆయనకు మూడేళ్ళ కిందట డిప్రెషన్ వచ్చింది. అప్పుడు ఆ పేరు కూడా మాకు తెలియదు. ఎవరైనా అడిగితే నరాల బలహీనత అని చెప్పుకున్నాం. మందులతో నాలుగు నెలల్లో మనిషయ్యారు, పొలానికి వెళ్ళారు, పిల్లలతో నవ్వారు. అప్పుడు ఒక దగ్గరి బంధువు వచ్చి, ఇంత వయసులో మాత్రల మీద బతకడం ఏమిటి, మనోబలం లేదా అన్నారు. ఈయన మర్నాటి నుంచే ఆపేశారు. మొదట తల తిరుగుడు, చిరాకు. నెలన్నరకు మళ్ళీ గోడ వైపు తిరిగి పడుకోవడం. రెండోసారి కోలుకోవడానికి మొదటిసారికంటే రెట్టింపు కాలం పట్టింది. చక్కెర జబ్బు ఉన్నవాళ్ళను మనోబలం పెంచుకోమని ఎవరూ అనరు కదండీ. ఇక పూర్వీకుల మాటంటారా, మా తాతయ్య తమ్ముడు పదేళ్ళు చీకటి గదిలో ఉన్నాడు. గాలి సోకిందన్నారు. జబ్బు లేక కాదు, పేరు లేక.

టీచరు గారూ, నేను రోగిని కాను, రోగి భార్యను. ఇంట్లోవాళ్ళ వైపు నుంచి ఒక సంగతి చెబుతాను. "లేవండి, ఇలా పడుకుంటే ఎలా" అని ఏడాది అన్నాను. లేవలేదు. ఒక సాయంత్రం ఏమీ అనకుండా టార్చిలైటు ఆయన చేతిలో పెట్టి, "మోటారు ఆపేసి రావాలి, నాకు చీకట్లో భయంగా ఉంది, తోడు రండి" అన్నాను. వచ్చారు. దారిలో ఒక్క మాట లేదు. మర్నాడూ వచ్చారు. పదిహేను రోజుల తర్వాత మిరప తోటలో ఆగి, ఈ మొక్కలకు ముడత వచ్చింది, చూశావా అన్నారు. ఆ ముడత తెగులును చూసి సంతోషపడిన రైతు భార్యను బహుశా నేనొక్కదాన్నే.

అప్పట్లో ఆసుపత్రి నర్సమ్మ చెప్పిన మరో పని కూడా చేశాను. పురుగుమందు డబ్బాలు ఒక్కటి కూడా ఇంట్లో లేకుండా మా మరిది ఇంట్లో తాళం వేయించాను. ఇప్పటికీ అక్కడే ఉంటాయి. ఇలాంటి మనిషి ఇంట్లో ఉన్న రైతు కుటుంబాలు ఈ పని ఈ రోజే చేయండి.

సూర్యోదయం — డిసెంబరు 11, ఉదయం 7.00

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాకు పనికివచ్చింది అందరికీ చాలుతుందనుకుని రాశాను. మందులు ఆపమనడం నా తప్పు, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. వ్యాయామం మాత్రం మందులతో పాటు చేయవచ్చు కదా?

రాత్రిడ్యూటీ — డిసెంబరు 11, ఉదయం 9.20

చేయవచ్చు కాదు, చేయాలండీ. నడకైనా ఆసనాలైనా వారానికి నాలుగైదు రోజులు ఒంటికి చెమట పడితే దిగులుకూ ఆందోళనకూ రెండింటికీ మంచిది. మీ అనుభవం వివరంగా రాయండి, ఎక్కడ మొదలుపెట్టారు, 24 ఒక్కసారే రాలేదు కదా.

చలిమంట — డిసెంబరు 11, రాత్రి 11.40

షికాగో నుంచి. ఇక్కడ ఈ నెలలో సాయంత్రం నాలుగున్నరకల్లా చీకటి పడిపోతుంది. వచ్చిన మొదటి రెండు చలికాలాలు నా ఆరోగ్యం పాడైందనుకున్నాను. ఎండ తగ్గడంతో వచ్చే దిగులు కూడా ఒకటుందని తర్వాత తెలిసింది. ఇప్పుడు డాక్టరు సలహాతో పొద్దున్నే ఇందుకోసమే చేసిన ప్రకాశవంతమైన లైటు ముందు అరగంట కూర్చుంటాను, మధ్యాహ్నం భోజనం తర్వాత ఎంత చలి ఉన్నా బయట తిరుగుతాను. మీకు అక్కడ ఎండ ఉచితంగా దొరుకుతోంది, పొద్దున ఇరవై నిమిషాలు వాకిట్లో కూర్చోండి.

నాకు బాగా పనిచేసింది ఇంకొకటి. నాకు ఆలోచనలు ఆగవు. వీసా, అమ్మ మోకాలు, నాన్న బీపీ, ఉద్యోగం, మళ్ళీ వీసా. ఆలోచించకు అంటే ఆగవు. అందుకని వాటికి సమయం ఇచ్చాను. సాయంత్రం ఆరు నుంచి ఆరున్నర దాకా, వంటింటి బల్ల దగ్గర ఒకే కుర్చీలో, కాగితం మీద. మిగతా రోజంతా ఏ బెంగ వచ్చినా ఒక్క ముక్కలో ఫోనులో రాసుకుని ఆరింటికి రమ్మంటాను. ఆరింటికి చూస్తే సగం వాటికి పదునే ఉండదు. మిగిలినవాటిని రెండు భాగాలు చేస్తాను, నేను ఏదైనా చేయగలిగినవి, చేయలేనివి. అమ్మ మోకాలికి డాక్టరు అపాయింట్‌మెంటు తీసుకోగలను. వీసా గురించి ఈ రాత్రి ఏమీ చేయలేను. మొదట్లో వారం పది రోజులు కుదరలేదు, పట్టు వదలలేదు. రాత్రి పడకలో మాత్రం ఈ పని పెట్టుకోకూడదు.

కాఫీ కూడా మధ్యాహ్నం తర్వాత మానేశాను. తాగిన ఐదారు గంటల తర్వాత కూడా సగం ఒంట్లోనే ఉంటుందట. రాత్రి గుండె దడకు సగం కారణం నా చేతిలో కప్పే.

ఎర్రబస్సు — డిసెంబరు 12, ఉదయం 5.30

మాకు డ్యూటీలో టీలే ఆధారం. రోజుకు తొమ్మిది తాగేవాణ్ణి. మూడుకు తెచ్చాను. వారం రోజులు తలనొప్పి వచ్చింది, తర్వాత చేతుల వణుకు తగ్గింది.

నందివర్ధనం — డిసెంబరు 16, ఉదయం 7.20

ఈ రోజు నుంచి ధనుర్మాసం. మా వీధిలో అందరి వాకిళ్ళలో ముగ్గులు వచ్చాయి. పోయిన ఏడు నేను వేయలేదు, పనమ్మాయి నాలుగు గీతలు గీసి వెళ్ళింది. నర్సు గారు చెప్పినట్టు రాత్రే కాగితం మీద "ఆరుంపావు, ముగ్గు డబ్బా తీసుకుని వాకిట్లోకి వెళ్ళాలి" అని రాశాను. వేయాలి అని రాయలేదు, వెళ్ళాలి అంతే.

వెళ్ళాను. చలిగా ఉంది. కల్లాపి చల్లడానికి ఓపిక లేదు. ఐదు చుక్కలు పెట్టాను, మూడు వరకు తగ్గించాలి కదా, నాలుగు పెట్టేసరికి చేతులు బరువెక్కాయి. గీతలు కలపలేదు. చుక్కలు అలాగే వదిలేసి లోపలికి వచ్చి దుప్పటి మడత పెట్టాను. పుస్తకంలో సంతోషం 2, తృప్తి 4 వేసుకున్నాను.

తుమ్మెద — డిసెంబరు 19, తెల్లవారుజామున 1.50

ఎవరైనా మేలుకుని ఉన్నారా. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదువుతున్నాను. మూడో ఏడు. నాన్న అప్పు చేసి పంపిస్తున్నారు. ఇవన్నీ చదివాను. నాకు దుప్పట్లూ ముగ్గులూ సరిపోయే దశ దాటిపోయింది. నేను లేకపోతే అందరికీ భారం తగ్గుతుందనిపిస్తోంది.

చలిమంట — డిసెంబరు 19, తెల్లవారుజామున 1.57

తమ్ముడూ, నేను మేలుకునే ఉన్నాను, ఇక్కడ మధ్యాహ్నం. నువ్వు ఇక్కడ రాసినందుకు నాకు చాలా ఊరటగా ఉంది. సూటిగా అడుగుతాను, ఏమీ అనుకోకు. చనిపోవాలని ఆలోచిస్తున్నావా? ఈ రాత్రే ఏమైనా చేసుకోవాలనిపిస్తోందా? గదిలో నీతో ఎవరైనా ఉన్నారా?

టెలి మానస్ అని ప్రభుత్వ సేవ ఉంది, నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ ఉంటారు, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. ఇప్పుడే ఫోన్ చెయ్యి. నువ్వు చేసి వచ్చేదాకా నేను ఈ పేజీ మూయను.

తుమ్మెద — డిసెంబరు 19, తెల్లవారుజామున 2.06

ఆలోచన వస్తోంది అక్కా. చాలా రోజులుగా. రూమ్మేటు పడుకుని ఉన్నాడు. లేపితే ఏమనుకుంటాడో.

చలిమంట — డిసెంబరు 19, తెల్లవారుజామున 2.08

లేపు. నిద్ర చెడినందుకు రేపు ఒక టీ ఇప్పించు. "నాకు ఒంటరిగా ఉండాలంటే భయంగా ఉంది, కాసేపు కూర్చో" అని ఒక్క మాట చెప్పు, ఇంకేమీ వివరించనక్కర్లేదు. తర్వాత అతని పక్కన కూర్చునే 14416కి చెయ్యి. ప్రమాదం మీదికి వచ్చిందనిపిస్తే 112కి చేయండి, లేదా ఇద్దరూ కలిసి దగ్గరి ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్ళండి.

ఈ ఆలోచన నీ బుద్ధి కాదు తమ్ముడూ, జబ్బు మాట్లాడుతోంది. నాకూ ఒక చలికాలంలో అచ్చం ఇదే వాక్యం వినిపించింది, అందరికీ భారం తగ్గుతుందని. అది అబద్ధమని ఇప్పుడు తెలుసు, అప్పుడు తెలియలేదు.

నిర్వాహకులు — డిసెంబరు 19, తెల్లవారుజామున 2.30

తుమ్మెద గారికి వ్యక్తిగత సందేశం పంపాం. ఈ చర్చలో మిగతా సభ్యులు తెల్లవారే వరకు కొత్త సలహాలు రాయకుండా ఆగండి.

తుమ్మెద — డిసెంబరు 19, ఉదయం 11.15

ఉన్నాను. రూమ్మేటును లేపాను. వాడు ఏమీ అనలేదు, లేచి కూర్చుని నా చేయి పట్టుకున్నాడు. 14416లో ఒక మేడం నలభై నిమిషాలు మాట్లాడారు. తెల్లవారాక వాడే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. మందులు రాశారు, వారంలో మళ్ళీ రమ్మన్నారు. అక్కకు ఫోన్ చేసి చెప్పాను. అక్క బస్సెక్కింది.

చలిమంట అక్కా, మీరు పేజీ మూయకుండా ఉన్నారా?

చలిమంట — డిసెంబరు 19, ఉదయం 11.18

ఇక్కడ ఇప్పుడు రాత్రి పన్నెండు కావస్తోంది. ఉన్నాను. ఇప్పుడు మూస్తాను. ఏమైనా తిన్నావా?

రాత్రిడ్యూటీ — డిసెంబరు 19, సాయంత్రం 6.00

తుమ్మెదా, చాలా కష్టమైన పని చేశావు. నువ్వు అన్న మాట నిజమే, నీది దుప్పటి మడతతో ఆగే దశ కాదు. ఇలాంటి ఆలోచన వచ్చినా, తిండీ నిద్రా పూర్తిగా పోయినా, రెండు వారాలు దాటినా దిగులు దిగకపోయినా ఇంటి చిట్కాలతో సరిపెట్టుకోకూడదు. చికిత్సే ముందు. ఇక్కడ రాసినవన్నీ చికిత్స పక్కన నడిచేవి.

కాస్త తేరుకున్నాక ఒక కాగితం రాసి పర్సులో పెట్టుకో. మళ్ళీ ఆ ఆలోచన వచ్చే ముందు నాలో కనిపించే గుర్తులు ఏమిటి, అప్పుడు వెంటనే ఎక్కడికి వెళ్ళాలి, ఎవరికి ఫోన్ చేయాలి, వాళ్ళు ఎత్తకపోతే ఎవరికి. ఆ చీకట్లో బుర్ర పనిచేయదు, కాగితం పనిచేస్తుంది. మీ అక్కతో కలిసి రాయి. ఒక నకలు రూమ్మేటుకు ఇవ్వు.

గోదావరిగట్టు — డిసెంబరు 20, ఉదయం 6.10

తుమ్మెద బాబూ, పరీక్షలు ఏటా వస్తాయి. పోస్టుమాస్టరుగా నేను ఎన్ని వందల నియామక ఉత్తరాలు ఇచ్చానో, ఎన్ని వందల ఇళ్ళకు రాకపోవడం చూశానో. రాని ఇళ్ళవాళ్ళు కూడా తర్వాత నాకు మనియార్డర్లు కట్టించారు, పెళ్ళి శుభలేఖలు పంపించుకున్నారు. నాన్నగారికి నీ మార్కులకంటే ముందు నువ్వు కావాలి. మధ్యాహ్నం పూట నాకేమీ తోచదు, నీకు ఇష్టమైతే ఇక్కడే రోజుకు రెండు వాక్యాలు రాస్తూ ఉండు, నేను జవాబు రాస్తాను.

తుమ్మెద — డిసెంబరు 21, మధ్యాహ్నం 2.00

ఈ రోజు రెండు వాక్యాలు. అక్క ఉప్మా చేసింది, సగం తిన్నాను. గ్రంథాలయానికి వెళ్ళలేదు.

గోదావరిగట్టు — డిసెంబరు 21, మధ్యాహ్నం 2.25

సగం అంటే సగం. ఉప్మాలో జీడిపప్పు వేసిందా లేదా?

నందివర్ధనం — జనవరి 17, సాయంత్రం 4.30

సెలవులు రేపటితో అయిపోతాయి. ఏమైందో చెప్పడం నా బాధ్యత.

తొమ్మిది రోజుల్లో రెండు రోజులు పదకొండు దాకా పడుకున్నాను. అందులో ఒకటి కనుమ. కారణమేమీ లేదు, పొద్దుటే ఒళ్ళంతా సీసం పోసినట్టు ఉంది. మునుపైతే అంతా వ్యర్థమని మిగతా సెలవులూ అలాగే వదిలేసేదాన్ని. ఈసారి పుస్తకంలో సున్నా వేసి, మధ్యాహ్నం రెండింటికి స్నానం చేసి దాని కింద 3 వేశాను.

అమ్మ ఫోను ఎత్తాను. ముందే కాగితం మీద "రెండు నిమిషాలు" అని రాసుకున్నాను. అమ్మ గడియారం చూడలేదు, ఇరవై రెండు నిమిషాలైంది. జబ్బు సంగతి చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, నువ్వు పుట్టిన ఏడాది నాకూ అలాగే ఉండేదే, ఎవరికీ చెప్పలేదు అంది.

భోగి నాడు మా అమ్మాయి నన్ను ఐదింటికి లేపింది. మంట దగ్గర కాసేపు నిలబడి, ఇద్దరం వాకిట్లోకి వెళ్ళాం. తను కల్లాపి చల్లింది. పదకొండు చుక్కలు, ఆరు వరకు. చుక్కలు నేను పెట్టాను, గీతలు ఇద్దరం కలిపాం. కుడి వైపు ఒక మూల గీత వంకర పోయింది. నేను చెరపబోతే, వద్దమ్మా, అక్కడ గొబ్బెమ్మ పెట్టేద్దాం అంది. పెట్టి, మీద గుమ్మడి పువ్వు గుచ్చింది.

సోమవారం బడి. ఇప్పుడు నాకు మిగిలిన సమస్య వచ్చే ఆదివారం. ఏడున్నరకు ఏం రాసుకోవాలో ఇంకా తేల్చుకోలేదు. పొలంగట్టు గారూ, మీ ఆయన ఇప్పుడు పొద్దున ఏం చేస్తున్నారు?

పొలంగట్టు — జనవరి 17, రాత్రి 8.45

ఈ పూట మిరపకాయలు కళ్ళంలో ఆరబోశాం. ఆయన అక్కడే మంచం వేసుకుని కాపలా పడుకున్నారు. పొద్దున ఐదింటికి లేచి కాయలు తిరగేస్తారు. తిరగేయకపోతే రంగు పోతుంది, అందుకని లేవక తప్పదు. మీరూ ఆదివారానికి మీ కోసం ఎదురుచూసేది ఏదైనా ఒకటి పెట్టుకోండి, మొక్కైనా సరే.